విమానాలు చూపించి సైన్స్ చెప్పాలంటే: స్కూల్ ట్రిప్ ఇలా ప్లాన్ చేసుకోండి

విమానాశ్రయానికి ట్రిప్ అనగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. తిరిగొచ్చాక ఏం చూశావురా అని అడిగితే మాత్రం "విమానం చాలా పెద్దగా ఉంది సార్" దగ్గరే ఆగిపోతారు. అందులో పిల్లల తప్పేం లేదు. ఏం చూడాలో ముందే తెలియకపోతే ఎవరికైనా కనపడేది సైజు, రంగు, చప్పుడే. కాబట్టి ఈ ట్రిప్‌ని చూసి రావడానికి కాకుండా సరిచూసుకుని రావడానికి పెట్టుకోండి. పిల్లలు బడిలోనే తమ అంచనా రాసి సంతకం పెట్టాలి. అక్కడికెళ్లి కొలవాలి, వచ్చాక లెక్క కట్టాలి. మిగతావన్నీ, గైడ్ చెప్పే కబుర్లతో సహా, బోనస్.

1. చోటు ఎంచుకోండి

పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయం అయితేనే ట్రిప్ బాగుంటుందని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే అది ఆఖరి ఆప్షన్. టెర్మినల్‌లో పిల్లలకు దొరికేది ఏసీ, ఎస్కలేటర్, అద్దాల వెనక దూరంగా ఒక తోక. దానికన్నా పైలట్లకు శిక్షణ ఇచ్చే చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఎంతో మేలు. అక్కడ సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానం ఉంటే మీ పంట పండినట్టే. దాని రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 11 మీటర్లు, పిల్లలు టేపు పట్టి కొలవొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకుంటే రెక్క వెనక అంచున ఉండే కదిలే పలకని (దీన్నే ఏలెరాన్ అంటారు) చేత్తో మెల్లగా పైకెత్తి, కాక్‌పిట్‌లో స్టీరింగ్ తనంతట తానే తిరగడం చూడొచ్చు. మధ్యలో ఉన్నది కేబుళ్లు, కప్పీలు మాత్రమే. కప్పీ పాఠం చెప్పాల్సిన క్లాసుకి ఇంతకన్నా మంచి ల్యాబ్ దొరకదు.

అది కుదరకపోతే విమానాలు దిగడం, లేవడం కనిపించే చోటు (లోపలికి వెళ్లక్కర్లేదు, చట్టబద్ధంగా నిలబడటానికి వీలుంటే చాలు), ఏవియేషన్ మ్యూజియం, విమాన మరమ్మతులు నేర్పే కాలేజీ హ్యాంగర్ (విమానాలు నిలిపే షెడ్డు), వాతావరణ కేంద్రం చూసుకోండి. వాతావరణ కేంద్రాన్ని తీసిపారేయకండి. గాలిలో బెలూన్ వదిలే కేంద్రమైతే, దానికి కట్టిన చిన్న పెట్టె 30 కిలోమీటర్ల ఎత్తు దాటేదాకా ఉష్ణోగ్రత, తేమ, పీడనం పంపుతూనే ఉంటుంది. పైలట్లు చూసే పైగాలుల అంచనాల వెనక ఇలాంటి కొలతలు ఉంటాయి.

2. రెండే ప్రశ్నలు

వర్క్‌షీట్‌లో ఇరవై ప్రశ్నలు పెడితే పిల్లలు విమానాన్ని వదిలేసి కాగితం చూస్తారు. ఒక క్లాసుకి రెండు పెద్ద ప్రశ్నలు చాలు. 6, 7 తరగతులైతే "ఇవాళ విమానాలు ఎటువైపు లేస్తాయి? ఎందుకు?" అన్నది సరిపోతుంది. 8, 9 తరగతులకు "రన్‌వే మీద విమానం త్వరణం ఎంత?" పెద్ద పిల్లలకు "ఎండాకాలం మధ్యాహ్నం విమానానికి ఎక్కువ రన్‌వే ఎందుకు కావాలి?" అని ఇచ్చి వదిలేయండి. ఆ ఒక్క ప్రశ్నలోనే వాయు సాంద్రత, ఇంజిన్ శక్తి, రెక్క మీది బలం అన్నీ వచ్చేస్తాయి.

3. పర్మిషన్లు, టైమింగ్

లెటర్ వీలైనంత ముందుగా పెట్టండి. పిల్లల పేర్ల లిస్టు, వెంట వచ్చే పెద్దవాళ్ల ఐడీలు, బస్సు నంబరు అడుగుతారు. ఫొటోలు తీయొచ్చా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి, చాలా చోట్ల నిషేధం ఉంటుంది. మీరొక్కరే ముందుగా వెళ్లి నీడ ఎక్కడుంది, టాయిలెట్లు ఎక్కడున్నాయి, బస్సు ఎక్కడ ఆగుతుంది చూసి రండి. చిన్న ఎయిర్‌ఫీల్డ్‌కైతే పొద్దున్నే వెళ్లడం మంచిది. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, చిన్న విమానాలు కుదుపులకు గురవుతాయి, అందుకే శిక్షణ విమానాలు ఎక్కువగా పొద్దునపూట తిరుగుతాయి. జెట్‌ల దగ్గరికి వెళ్లేలా ఉంటే అందరికీ ఇయర్‌ప్లగ్స్ కొనండి.

4. వెళ్లే ముందు వారం, బడిలో

ట్రిప్ ఫలితం ఇక్కడే తేలిపోతుంది. మూడు పీరియడ్లు కేటాయించగలిగితే చాలు.

మొదటి పీరియడ్‌లో కాగితం ముక్క. రెండు వేళ్ల వెడల్పున పొడుగ్గా కత్తిరించి, ఒక చివర కింది పెదవి దగ్గర పట్టుకుని, వంగి కిందికి వేలాడే కాగితం పైనుంచి ఊదమనండి. కాగితం పైకి లేస్తుంది. "పైన గాలి వేగంగా పోయింది, పీడనం తగ్గింది, అందుకే లేచింది" అని వెంటనే చెప్పేయకండి. ఇప్పుడు అదే కాగితాన్ని నిటారుగా వేలాడదీసి ఒక పక్క నుంచి మాత్రమే, కాగితం వెంబడే కిందికి ఊదమనండి. అది ఆ పక్కకు లేచి రాదు. వేగమే కారణమైతే ఇప్పుడెందుకు కదల్లేదు? పిల్లలు కొట్టుకు చావనివ్వండి కాసేపు. తేడా వంపులో ఉంది. మొదటిసారి గాలి వంగిన కాగితాన్ని అంటిపెట్టుకుని తానూ కిందికి వంగింది. గాలిని అలా వంచాలంటే కాగితం వైపు పీడనం తగ్గాలి.

ఇక్కడే ఒక పాత అబద్ధాన్ని కూడా వదిలించుకోవాలి. రెక్క పైభాగం పొడవు ఎక్కువ కాబట్టి, పై గాలి కింది గాలిని వెనక అంచు దగ్గర సరిగ్గా కలుసుకోవడానికి వేగంగా పరిగెడుతుందని ఎన్నో చోట్ల రాసి ఉంటుంది. విడిపోయిన గాలి మళ్లీ కలుసుకోవాలన్న రూల్ ఏదీ లేదు. విండ్ టన్నెల్‌లో, అంటే నమూనా మీదికి గాలి వదిలి పరీక్షించే గొట్టంలో, పొగ వదిలి చూస్తే పై గాలి ముందే వెళ్లిపోతుంది, కింది దాని కోసం ఆగదు. పైగా విమానాలు తలకిందులుగా కూడా ఎగురుతాయి కదా. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది: ఇది న్యూటన్ మూడో నియమం. రెక్క పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ: ఇది అదే సంగతిని ఇంకో వైపు నుంచి చూడటం. రెండూ ఒప్పే, ఒకదానికొకటి పోటీ కాదు.

రెండో పీరియడ్ కాగితం విమానాలకి. అందరూ ఒకే డిజైన్ మడవాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ముక్కుకి ఒక పేపర్ క్లిప్ పెట్టి వదలండి, తర్వాత దాన్నే తోక వైపు జరిపి వదలండి. బరువు వెనక్కి వెళ్లేసరికి విమానం ముక్కు పైకెత్తి, ఆగి, కింద పడుతుంది. అసలు విమానంలో కూడా సామాను ఎక్కడ పెట్టాలో, బరువు ఎటు పంచాలో బయల్దేరే ముందే లెక్క కడతారని అప్పుడు చెప్పండి. తర్వాత రెక్కల వెనక అంచుని కొంచెం పైకి వంచి ఏమవుతుందో చూడమనండి.

రైట్ సోదరుల సంగతి చెప్పాల్సింది కూడా ఇప్పుడే, కానీ ఎప్పుడూ చెప్పే కథ కాదు. 1901లో వాళ్లు ఇంట్లో తయారుచేసుకున్న విండ్ టన్నెల్‌లో సుమారు 200 రకాల రెక్కల నమూనాలు పరీక్షించారు. అప్పటిదాకా అందరూ నమ్మిన పట్టికలను పక్కన పెట్టి సొంతంగా కొలుచుకున్నారు. 1903 డిసెంబర్ 17న మొదటిసారి లేచినప్పుడు గాలిలో ఉన్నది 12 సెకన్లు, వెళ్లిన దూరం 120 అడుగులు, అంటే దాదాపు 36.5 మీటర్లు. ఆటస్థలంలో ఆ దూరం సున్నంతో గీయించండి. తర్వాత పక్కనే ఇంకో గీత 39.5 మీటర్లకి. ఈ రెండోది బోయింగ్ 737-800 అనే ప్రయాణికుల జెట్ ఒక్కదాని పొడవు.

మూడో పీరియడ్‌లో అంచనాలు. ప్రతి గ్రూపు కాగితం మీద రాయాలి: గాలి ఎటునుంచి వస్తుంది, విమానం ఎటు లేస్తుంది, ఎన్ని సెకన్లు పరిగెత్తి లేస్తుంది. మీరు కాగితాలు తీసుకుని కవర్లో పెట్టేయండి. తర్వాత మార్చుకోవడానికి వీల్లేదని చెప్పండి.

5. అక్కడికి వెళ్లాక: ముందు గాలి, తర్వాత రన్‌వే

బస్సు దిగగానే విమానం వైపు పరిగెత్తనివ్వకండి. ముందు విండ్‌సాక్ వెతకమనండి, స్తంభానికి వేలాడే నారింజ, తెలుపు పట్టీల గాలి సంచి. దాని సన్నటి చివర ఎటు చూపిస్తే గాలి అటు పోతోందని అర్థం. పిల్లలు తడబడేది ఇక్కడే. వాతావరణ నివేదికల్లో గాలికి పేరు పెట్టేది అది వచ్చే దిక్కుని బట్టి. సంచి కొస తూర్పుకి ఉంటే అది పడమటి గాలి. విమానం ఎదురుగాలిలోకే లేస్తుంది కాబట్టి, సంచి పెద్ద నోరు ఎటు తెరుచుకుని ఉంటే విమానం అటువైపు పరిగెడుతుంది. ఎదురుగాలి ఎందుకంటే, రెక్కకి కావలసింది గాలితో పోల్చిన వేగం, నేలతో పోల్చింది కాదు. సెకనుకి 5 మీటర్ల గాలి ఎదురొస్తే ఆ మేరకు పరుగు తగ్గినట్టే. మామూలుగా వాడే ఒక రకం విండ్‌సాక్ గంటకు సుమారు 28 కిలోమీటర్ల గాలి వీస్తే పూర్తిగా అడ్డంగా లేచి నిలబడుతుంది.

ఇప్పుడు రన్‌వే చివర రాసిన అంకె. కనపడకపోతే మ్యాప్‌లో ముందే చూసి రావాలి. 09 అని ఉంటే ఆ రన్‌వే అయస్కాంత దిక్కు ప్రకారం సుమారు 90 డిగ్రీలకు, అంటే తూర్పుకి పోతోందని. అదే రన్‌వే రెండో చివర 27 ఉంటుంది, 270 డిగ్రీలు. రెండు అంకెల మధ్య తేడా ఎప్పుడూ 18. పిల్లల చేతికి దిక్సూచి ఇచ్చి, రన్‌వేకి సమాంతరంగా నిలబడి డిగ్రీలు చదివి, పదితో భాగించి, దగ్గరి అంకెకి సవరించమనండి. బస్సుకీ ఇనుప కంచెకీ దూరంగా నిలబెట్టండి, లేకపోతే ముల్లు ఇష్టమొచ్చినట్టు తిరిగి పిల్లలు దిక్సూచి పాడైందనుకుంటారు.

ఇందులో ఇంకో మలుపు ఉంది. భూమి అయస్కాంత ధ్రువాలు నెమ్మదిగా జరుగుతుంటాయి. అందువల్ల కాంక్రీటు కదలకపోయినా రన్‌వే పేరు మారుతుంది. లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో 05/23 రన్‌వేని 2009లో 04/22గా మార్చి మళ్లీ పెయింట్ వేశారు.

6. స్టాప్‌వాచ్‌తో త్వరణం

విమానాలు లేచే చోటికి వెళ్లి ఉంటే ఈ ఒక్క పని చేసినా ట్రిప్ గిట్టుబాటే. ప్రతి గ్రూపుకీ ఒక ఫోన్ స్టాప్‌వాచ్. విమానం రన్‌వే మొదట్లో ఆగి, కదిలిన క్షణాన ఒకరు "కదిలింది" అని, వెనక చక్రాలు నేలను వదిలిన క్షణాన "లేచింది" అని అరవాలి. ఆగకుండా మలుపు తిరుగుతూనే పరుగందుకునే విమానాలు ఉంటాయి, వాటిని లెక్కలో వేయకండి. గ్రూపుల మధ్య రెండు మూడు సెకన్ల తేడా వస్తుంది. ఎవరూ చెరపకూడదు, ఆ తేడాయే కొలతలో దోషం అంటే ఏమిటో చూపిస్తుంది.

మధ్యరకం జెట్ లేచే వేగం బరువుని బట్టి గంటకు 250 నుంచి 280 కిలోమీటర్లు. 270 తీసుకుంటే సెకనుకి 75 మీటర్లు. 35 సెకన్లు పట్టిందనుకోండి. 75ని 35తో భాగిస్తే త్వరణం సెకనుకి సెకనుకి 2.1 మీటర్లు. పరుగు దూరం సగటు వేగం 37.5ని 35తో గుణిస్తే సుమారు 1,310 మీటర్లు. వెంటనే ఒకరైనా అడగాలి: మరి రన్‌వే 3 కిలోమీటర్లు ఎందుకు కట్టారు? అడగకపోతే మీరే కదిపి వదిలేయండి. సగం పరుగులో ఇంజిన్ ఆగిపోతే బ్రేకు వేసి ఆపడానికి చోటు కావాలి. బరువు ఎక్కువున్న రోజు, ఎండ మండే రోజు, వాన పడి తడిసిన రోజు, అన్నిటికీ సరిపోవాలి.

చప్పుడు సంగతి ఉచితంగా వచ్చేదే. దూరంగా వెళ్తున్న జెట్ చప్పుడు వచ్చిన వైపు చూపుడు వేలు పెట్టమనండి, తర్వాత విమానాన్ని కళ్లతో వెతకమనండి. వేలికన్నా విమానం చాలా ముందుంటుంది. 3 కిలోమీటర్ల దూరం నుంచి శబ్దం రావడానికి దాదాపు 9 సెకన్లు పడుతుంది మరి.

7. విమానం పక్కన నిలబడ్డప్పుడు

ముందు జాగ్రత్తలు. ప్రొపెల్లర్ ఆగి ఉన్నా సరే, దాని దగ్గరికి ఎవరూ పోకూడదు. టోపీలు, వదులు కాగితాలు, పెన్ను మూతలు బ్యాగుల్లోకి. ఇది చాదస్తం కాదు. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ అనే ప్రయాణికుల జెట్ రన్‌వే మీద పరుగు తీస్తుండగా, అంతకుముందు వేరే విమానం నుంచి రాలిన లోహపు పట్టీ దాని టైరుని చీల్చింది. టైరు ముక్క ఇంధన ట్యాంకు ఉన్న రెక్కకి తగిలి మంటలు లేచాయి. రన్‌వేల మీద చెత్త ఏరడం ఎందుకంత పెద్ద పనో ఇది చెబితే అర్థమవుతుంది.

తర్వాత మీరు నోరు మూసుకోండి. నిజంగానే. పిల్లల్ని అయిదు నిమిషాలు మౌనంగా చుట్టూ తిరగనిచ్చి, "ఇదెందుకుందో అర్థం కావట్లేదు" అనిపించిన ఒక్కదాన్ని బొమ్మ గీయమనండి. చాలాసార్లు ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం దగ్గర గుంపు చేరుతుంది.

"సార్, ఈ గొట్టం ఎందుకు?"

"ముందు నువ్వు చెప్పు. దానికి కన్నం ఎటుంది?"

"ముందుకి."

"విమానం పరిగెడితే అందులోకి ఏం దూరుతుంది?"

అక్కడి నుంచి వాళ్లే లాక్కెళ్తారు. అది పిటాట్ ట్యూబ్. దూరిన గాలి ఒత్తిడినీ పక్కనుండే గాలి మామూలు పీడనాన్నీ పోల్చి వేగం చెబుతుంది. హెన్రీ పిటాట్ దీన్ని 1732లో కనిపెట్టింది నీటి ప్రవాహ వేగం కొలవడానికి. రెక్కల వెనక అంచున పుల్లల్లా వేలాడేవి స్థిర విద్యుత్తుని గాలిలోకి వదిలేయడానికి. ఎడమ రెక్క చివర ఎర్ర లైటు, కుడి వైపు ఆకుపచ్చ: రాత్రిపూట ఎదుటి విమానం వస్తోందో పోతోందో తెలుసుకోవడానికి. ప్రయాణికుల విమానం లోపలికి ఎక్కనిస్తే, కిటికీ అద్దం అడుగున సూది మొన అంత రంధ్రం చూపించండి. 35,000 అడుగుల ఎత్తులో బయట పీడనం నేల మీది దానిలో పావు వంతుకన్నా తక్కువ, చలి సున్నాకి 54 డిగ్రీల దిగువన. ఆ ఒత్తిడి తేడాని మోసేది బయటి అద్దం. ఈ రంధ్రం అద్దాల మధ్యనున్న గాలి ఒత్తిడిని విమానం లోపలితో సమానం చేసి, అద్దం మసకబారకుండా చూస్తుంది.

పైలట్లని, ఇంజినీర్లని కలిసే అవకాశం ఉంటే పిల్లల ప్రశ్నలు ముందే వినండి. జీతమెంత అని ఎవడో అడుగుతాడు, అడగనివ్వండి. కానీ ఒక్క మంచి ప్రశ్న గ్యారంటీగా ఉండాలి: ఇంజిన్ ఆగిపోతే ఎంత దూరం వెళ్లగలరు? సెస్నా 172 అయితే 1 కిలోమీటరు దిగేలోపు సుమారు 9 కిలోమీటర్లు జారుకుంటూ పోగలదు. చాలామంది పిల్లలు విమానం రాయిలా పడిపోతుందనుకుంటారు.

8. తిరిగొచ్చాక, మర్నాడే

"నేను చూసిన విమానాశ్రయం" వ్యాసం రాయించకండి, దయచేసి. కవర్ తెరిచి అంచనాలు, కొలతలు పక్కపక్కన బోర్డు మీద రాయండి. ఎవరిది ఎందుకు తప్పిందో వాళ్లే చెప్పాలి.

తర్వాత ఒక నిజమైన లెక్క ఇవ్వండి. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767కి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. సిబ్బంది లీటరుకి 1.77 అని గుణించి 13,597 కిలోలు ఉందనుకుని, మిగతా దానికి 4,917 లీటర్లు పోయించారు. ఆ 1.77 లీటరు ఇంధనం బరువు, కానీ పౌండ్లలో లెక్క. కిలోల్లో అయితే 0.803. ఇంతవరకే చెప్పి, నిజానికి ఎన్ని లీటర్లు పోయాల్సిందో కట్టమనండి. జవాబు సుమారు 20,088 లీటర్లు. విమానం బయల్దేరినప్పుడు కావాల్సినదాంట్లో సగం కూడా లేదు. 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోతే పైలట్లు గ్లైడర్‌లా నడిపి, గిమ్లీ అనే ఊళ్లోని పాత రన్‌వే మీద దించారు. అందరూ బతికారు. ప్రమాణాలు రాయనందుకు మార్కులు తీసేస్తే గొణిగే పిల్లలు ఈ లెక్క తర్వాత పెద్దగా గొణగరు.

ట్రిప్‌కి పర్మిషన్ రాకపోయినా, వాన పడి రద్దయినా, బడి మైదానంలోనే ఒకటి చేయొచ్చు. ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో నెత్తి మీద పోతున్న విమానం మోడల్ చూడండి. స్కేలుని చెయ్యి చాచి కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, విమానం పొడవు ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తుందో చదవమనండి. 737-800 పొడవు 39.5 మీటర్లు, స్కేలు మీద 4 మిల్లీమీటర్లు కనిపిస్తే, సరూప త్రిభుజాల ప్రకారం దూరం 39.5ని 600తో గుణించి 4తో భాగించాలి: సుమారు 5,900 మీటర్లు. యాప్‌లో ఎత్తు అడుగుల్లో ఉంటుంది, 0.305తో గుణిస్తే మీటర్లు. సరిగ్గా తలపైన ఉన్నప్పుడే ఈ రెండూ దగ్గరగా వస్తాయి. ఏటవాలుగా ఉంటే దూరం ఎత్తుకన్నా ఎక్కువ వస్తుంది, ఆ తేడా ఎందుకో పెద్ద క్లాసు పిల్లలకి హోంవర్క్. సూర్యుడికి దగ్గర్లో ఉన్న విమానాన్ని మాత్రం కొలవనివ్వకండి.